బిడ్డ ఎత్తు పెరుగుతోందా? ఇంట్లోనే కొలిచి, గిన్నెలోని తిండి సరిచేసుకోవడం ఎలా

పాప బొద్దుగా ఉంటే ఎవరికీ అనుమానం రాదు. కానీ బరువు బాగానే ఉన్నా ఎత్తు వెనకబడొచ్చు. ‘మా ఇంటావంటా అందరం పొట్టే’ అని సరిపెట్టుకోకుండా ముందు కొలవండి. రెండేళ్లలోపు వయసులో వంశం కన్నా తిండి, జబ్బుల ప్రభావమే ఎక్కువ.

కొలత: రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టే కొలవాలి. గోడకు ఆనించి చాప పరిచి, క్లిప్పులు తీసేసి, నడినెత్తి గోడకు తగిలేలా వెల్లకిలా పడుకోబెట్టండి. ఒకరు తల కదలకుండా పట్టుకోవాలి. ఇంకొకరు మోకాళ్లు మెల్లగా అదిమి, అరికాళ్లకు గట్టి అట్ట పుస్తకాన్ని నిలువుగా ఆనించి, అక్కడ గీత గీయాలి. బిడ్డను తీశాక గోడ నుంచి గీత దాకా టేపు పెట్టండి. రెండుసార్లు కొలిస్తే సెంటీమీటరు తేడా వచ్చిందా? మోకాలు ముడుచుకుని ఉంటుంది, మళ్లీ కొలవండి.

ఏడాది నిండేసరికి ఆడపిల్ల సగటున 74 సెం.మీ., మగపిల్లాడు 76 ఉంటారు. పాప 69కి, బాబు 71కి తగ్గితే ఎదుగుదల కుంటుపడినట్టే. రెండేళ్లకు ఆ హద్దులు 80, 82. రెండో ఏట నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరగాలి.

గిన్నె: ఆరు నెలలు నిండగానే తల్లిపాలతోపాటు తిండి మొదలుపెట్టాలని చాలామంది తల్లులకు తెలుసు. తప్పంతా చిక్కదనంలోనే జరుగుతోంది. పప్పు తేట, చారన్నం పెడితే చిన్న పొట్ట నీళ్లతోనే నిండిపోతుంది.

రెండు గ్లాసుల బియ్యం, గ్లాసు పెసరపప్పు కడిగి ఆరబెట్టి, విడివిడిగా సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, రవ్వగా పట్టండి. మన ఉక్కపోతకు పదిహేను రోజులకు సరిపడా చాలు. మూడు పెద్ద చెంచాల రవ్వ గ్లాసు నీళ్లలో పది నిమిషాలు ఉడికించి, చెంచాడు నెయ్యి కలపండి. చెంచా వంచితే ఉగ్గు బొట్లుబొట్లుగా కారకూడదు, అంటుకుని ఉండి ముద్దగా జారాలి.

మొదట రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, ఎనిమిది నెలలకల్లా అరకప్పుకి తేవాలి, రోజుకు రెండు మూడుసార్లు. తొమ్మిది నెలలు నిండాక మూడు నాలుగుసార్లు. ఏడాది దాటితే పూటకు ముప్పావు నుంచి కప్పు. కప్పంటే 250 మి.లీ.

రోజూ ఒక గుడ్డు, మెత్తగా ఉడికిన తోటకూరో మునగాకో కలపండి. గుంటూరు కారం పడకముందే బిడ్డ వాటా పక్కకు తీయాలి. టీలో ముంచిన బిస్కెట్లు మాత్రం వద్దు. ఆకలి చస్తుంది, టీ వల్ల ఇనుము ఒంటికి పట్టదు.

విరేచనాలైతే తిండి ఆపకండి. ఓఆర్‌ఎస్‌తోపాటు డాక్టరు చెప్పిన జింకు 14 రోజులూ వేయాలి, రెండు రోజులకే తగ్గిందని మానేయొద్దు. కోలుకున్నాక రెండు వారాలు రోజుకో పూట అదనంగా పెట్టండి.

ప్రతి కొలతా తేదీతో రాయండి. వరసగా రెండు నెలలు గీత కదలకపోయినా, హద్దు దిగువకు పడినా, ఆ కాగితం తీసుకుని పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లండి.