విశాఖ డాబా మీద యారో: సమస్యలు, పరిష్కారాలు

యారో కశ్మీర్ కొండల్లో దానంతట అదే పెరిగే, గుత్తులుగా పూసే పూలమొక్క. మంచు కప్పేసినా వేరు బతికే ఉంటుంది, వసంతం రాగానే మళ్లీ చిగురిస్తుంది. దీన్ని మొండి మొక్క అనేది ఆ చలిని తట్టుకుంటుందనే. విశాఖలో దానికి పడనిది చెమ్మ. ఇక్కడ వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం అదే.

విత్తనం మొలవడం లేదు

గింజ నువ్వు గింజ కన్నా బాగా చిన్నది, మొలవడానికి వెలుతురు కావాలి. మట్టి కప్పితే మొలవదు. ట్రేలో తడి కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) మీద చల్లి, వేలితో మెల్లగా అదిమి వదిలేయండి. నీళ్లు స్ప్రేతోనే ఇవ్వాలి. రెండు వారాల్లో మొలకలొస్తాయి. అక్టోబర్ చివర్లో చల్లితే మంచిది. తుపాన్ల కాలం కూడా అదే (2014లో హుద్‌హుద్ అక్టోబర్ 12న వచ్చింది), కాబట్టి ట్రేని సన్‌షేడ్ కింద పెట్టండి.

వానాకాలంలో మొక్క వాడిపోయి, మొదలు నల్లబడుతోంది

ఎక్కువ మొక్కలు పోయేది ఇక్కడే. ఆకు వాడింది కదా అని ఇంకో చెంబు నీళ్లు పోస్తాం, దాంతో మొక్క పోతుంది. ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి. మట్టి తడిగా ఉన్నా ఆకు వాడుతోందంటే అది వేరుకుళ్లు. నీళ్లు వెంటనే ఆపాలి.

మొక్కను పెకలించి చూస్తే గుబురు మధ్య భాగం కుళ్లినా, అంచుల్లో తెల్లగా, గట్టిగా ఉన్న వేళ్లతో పిలకలు దొరకొచ్చు. వాటిని విడదీసి కొత్త మట్టిలో నాటండి. పాత మట్టి మళ్లీ వాడొద్దు. మిశ్రమంలో సగం ఎర్రమట్టి, మిగతా సగం ముతక ఇసుక, ఇటుక ముక్కలు ఉంటే చాలు. కుండీ మట్టిదైతే మేలు. కింద ప్లేటు తీసేసి రెండు ఇటుకల మీద నిలబెట్టండి. జూన్ నుంచి వాన నేరుగా పడని, తూర్పు ఎండ తగిలే చోటికి మార్చండి. వెండి రంగు ఆకుల 'మూన్‌షైన్' రకం ఉక్కకు త్వరగా కుళ్లుతుంది. విశాఖకు దాన్ని నేను సిఫారసు చేయను.

కాడలు సాగి పడిపోతున్నాయి

ఎరువు ఎక్కువైంది, లేదా ఎండ చాలలేదు. గులాబీకి వేసినట్టు నెలనెలా వర్మీకంపోస్ట్ వేయకండి. నాటేటప్పుడు ఒక గుప్పెడు చాలు. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి.

గుబురుగా పెరిగింది, పువ్వే లేదు

దీనికి కారణం చాలామంది ఊహించరు. యారో పొడవాటి పగళ్లలో పూసే మొక్క. చలిదేశాల్లో ఎండాకాలం పగలు పదహారు గంటల దాకా ఉంటుంది. విశాఖలో జూన్ 21న కూడా పదమూడు గంటల పైచిలుకే. అందుకని మొక్క ఆకులతోనే ఉండిపోతుంది.

మొక్క బాగా గుబురు కట్టాక, జనవరి నుంచి రాత్రి పది నుంచి రెండు దాకా పైన ఒక ఎల్ఈడీ బల్బు వెలిగించండి. టైమర్ ఉంటే నిద్ర చెడదు. మొగ్గలు కనిపించేదాకా ఆపొద్దు. చామంతి రైతులు కూడా రాత్రి లైట్లు పెడతారు, కానీ పూత వెనక్కి జరపడానికి. యారోకి అదే లైటు పూత తెప్పిస్తుంది.

ఆకుల మీద తెల్లటి పొడి

బూడిద తెగులు. కుండీలు దగ్గరదగ్గరగా ఉండి గాలి ఆడకపోతే వస్తుంది. ఎడం చేయండి, పట్టిన ఆకులు తుంచేయండి. తగ్గకపోతే నీటిలో కరిగే గంధకం లీటరుకు రెండు మూడు గ్రాములు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొట్టకూడదు, ఆకులు మాడతాయి.

కోసిన పువ్వు వాజులో వాలిపోతోంది

తొందరపడి కోశారు. గుత్తిలోని చిన్న పువ్వులన్నీ విచ్చుకుని, పుప్పొడి కనబడ్డాకే పొద్దున్నే కోయాలి. నీటిలో మునిగే ఆకులన్నీ తీసేయండి.

ఎండబెడితే గోధుమరంగుకు మారింది, బూజు పట్టింది

సముద్రపు గాలి తేమకు గుత్తి లోపల ఆరదు. నాలుగైదు కాడల చిన్న కట్టలుగా కట్టి, చీకటి గదిలో తలకిందులుగా వేలాడదీసి, ఫ్యాన్ వేసి ఉంచండి. కాడ వంచితే పుటుక్కున విరగాలి. మెత్తగా వంగితే ఇంకా ఆరలేదన్నమాట. ఆరాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచండి. బయట వదిలేస్తే మళ్లీ తేమ పీల్చుకుంటుంది. ఎరుపు, గులాబీ రంగులు ఎలాగూ వెలిసిపోతాయి. ఏళ్ల తరబడి రంగు నిలవాలంటే పసుపు పచ్చని 'కరోనేషన్ గోల్డ్' పెంచండి. అదీ కుదరని ఇళ్లలో బొగడబంతి, సీతమ్మజడ వేసుకోవచ్చు. ఈ ఎండకు, ఉక్కకు అవి అలవాటుపడినవే, ఎండినా రంగు బాగా నిలుపుకుంటాయి.