పాలిష్ వాసన నిజంగా పోయిందా? ఎంక్యూ-135తో చూసే పద్ధతి

నేను ఇంటీరియర్ పనులు చేయిస్తుంటాను. వార్నిష్ ఆరగానే ఇంటివాళ్లు అడిగేది ఒకటే: "పిల్లల్ని ఎప్పుడు తీసుకురావచ్చండీ?" ముక్కును నమ్మి చెప్పలేం, అది కాసేపట్లోనే వాసనకు అలవాటు పడిపోతుంది. అందుకే గాలిలోని ఆవిర్లను పసిగట్టే ఎంక్యూ-135 సెన్సర్ వాడతాను. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే ఇస్తారు.

సెన్సర్ జాలీ మూత కింద ఉండేది టిన్ ఆక్సైడ్ పూత. మరమరంలా లోపలంతా గుల్ల. హీటర్ దాన్ని వేడి చేస్తే, గాలిలోని ఆక్సిజన్ ఆ గుల్లల్లో అంటుకుని ఎలక్ట్రాన్లను పట్టేసుకుంటుంది. రెసిస్టెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం) పెరుగుతుంది. వార్నిష్‌లోని థిన్నర్ ఆవిరి తగిలితే ఆ ఆక్సిజన్ ఖర్చయిపోయి ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి, రెసిస్టెన్స్ పడిపోతుంది.

కొత్త సెన్సర్‌కు 5 వోల్టులిచ్చి కనీసం 24 గంటలు వదిలేయండి. అంతకుముందు వచ్చే రీడింగులు దండగ. హీటర్ ఒక్కటే 150 మిల్లీఆంప్స్ దాకా లాగుతుంది కాబట్టి రీడింగ్ తీసుకునే ఆర్డుయినో బోర్డు డిజిటల్ పిన్ నుంచి కరెంటు ఇవ్వకండి.

ఇక అసలు తిరకాసు లోడ్ రెసిస్టర్‌ది, అంటే సెన్సర్‌తో వరసగా ఉండి రీడింగ్ వోల్టేజ్‌ను తేల్చే రెసిస్టర్‌ది. పవర్ తీసేసి, ఏఓ పిన్‌కూ (రీడింగ్ వోల్టేజ్ వచ్చే పిన్) గ్రౌండ్‌కూ మధ్య మల్టీమీటర్ పెట్టండి. చవక బోర్డుల్లో చాలావాటికి 1 కిలో ఓమ్ చూపిస్తుంది. దాంతో రీడింగ్ అడుగునే పాకుతుంది. దాన్ని ఊడదీసి 20 కిలో ఓమ్‌లది టంకం పెట్టండి. ఆర్డుయినో బదులు ఈఎస్‌పీ32 బోర్డు వాడేవాళ్లు ఏఓకి వోల్టేజ్ డివైడర్ (వోల్టేజ్ తగ్గించే రెండు రెసిస్టర్లు) తప్పక పెట్టాలి, ఏఓ వోల్టేజ్ ఆ బోర్డు తట్టుకునే 3.3 వోల్టులు దాటొచ్చు.

సెన్సర్ రెసిస్టెన్స్ కావాలంటే, 5ని ఏఓ వోల్టేజ్‌తో భాగించి, 1 తీసేసి, 20తో గుణించండి. 0.5 వోల్టులకు 180 కిలో ఓమ్‌లు, 1 వోల్టుకు 80.

రాత్రంతా గది మూసి ఉంచి, పొద్దున్నే లోపల ఒకసారి, వెంటనే బాల్కనీలో ఒకసారి చూడండి. తేమ మారితే రీడింగ్ కూడా మారుతుంది, అందుకే నిన్నటి బాల్కనీ లెక్క ఇవాళ పనికిరాదు. రెండూ దగ్గరకొచ్చేదాకా కిటికీలు తీసి ఉంచమంటాను. పీపీఎం (పది లక్షల్లో ఎన్ని భాగాలు) లెక్కలు చూపించే కోడ్‌లు ఇంటర్నెట్‌లో బోలెడు. నేను వాటి జోలికి పోను. ఈ సెన్సర్‌కు థిన్నర్‌కీ అగరుబత్తి పొగకీ తేడా తెలియదు.

బాత్రూంలో సిలికాన్ సీలెంట్ కొడుతుంటే మాత్రం సెన్సర్‌ను దూరంగా పెట్టండి, ఆ ఆవిరి గుల్లల్ని శాశ్వతంగా మూసేస్తుంది. ప్లైవుడ్ నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ వాయువు ఎంతో విడిగా తెలియాలంటే దానికి వేరే ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ కొనాల్సిందే.