ఇంగ్లాండ్‌లో లెర్నింగ్ డిసెబిలిటీ నర్సు కావడం ఎలా? అప్రెంటిస్‌షిప్ దారి

బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావడానికి పెద్దలు, పిల్లలు, మానసిక ఆరోగ్యం, లెర్నింగ్ డిసెబిలిటీ అనే నాలుగు విభాగాలున్నాయి. పుట్టుకతోనో చిన్నతనంలోనో మేధోవికాసం కుంటుపడి, జీవితాంతం తోడ్పాటు అవసరమయ్యే వారి ఆరోగ్యాన్ని చూసుకునేది నాలుగో విభాగం. డిస్లెక్సియా వంటి చదువు ఇబ్బందులు దీని కిందికి రావు. ఇంగ్లాండ్‌లో కేర్ హోమ్‌లోనో ప్రభుత్వ వైద్య వ్యవస్థ అయిన ఎన్‌హెచ్ఎస్ ట్రస్టులోనో సపోర్ట్ వర్కర్‌గా ఉన్నవారు జీతం తీసుకుంటూ, ట్యూషన్ ఫీజు కట్టకుండా ఈ విభాగంలో నర్సింగ్ డిగ్రీని అప్రెంటిస్‌షిప్‌గా, అంటే ఉద్యోగం చేస్తూనే, పూర్తి చేయవచ్చు.

ముందుగా వెతకవలసింది విశ్వవిద్యాలయాన్ని కాదు, యాజమాన్యాన్ని. ఇది కాలేజీ సీటు కాదు, ఉద్యోగం. మిమ్మల్ని పంపాలా వద్దా అనేది యజమాని నిర్ణయం. ఏటా జీతాల బిల్లు 30 లక్షల పౌండ్లు దాటిన సంస్థలు అందులో 0.5 శాతాన్ని అప్రెంటిస్‌షిప్ లెవీగా, అంటే శిక్షణ పన్నుగా కడతాయి, ఫీజు ఆ నిధి నుంచి చెల్లిస్తారు. అయితే మీరు తరగతిలోనో ప్లేస్‌మెంట్‌లోనో (ఆచరణ శిక్షణలోనో) ఉన్న రోజుల్లో మీ షిఫ్టుకు మరొకరిని పెట్టుకునే ఖర్చు ఆ నిధిలోంచి రాదు. మేనేజర్లు వెనుకాడేది ఎక్కువగా ఇక్కడే కనుక, మీ సంస్థ గతంలో ఎవరినైనా ఇలా పంపిందా, లెర్నింగ్ డిసెబిలిటీ విభాగం నేర్పే విశ్వవిద్యాలయంతో ఒప్పందం ఉందా అని నేరుగా అడగండి. అన్ని విశ్వవిద్యాలయాలూ ఈ విభాగాన్ని నేర్పవు.

తర్వాత అర్హత చూసుకోవాలి. ఈ నిధి వర్తించాలంటే ఇతర దేశస్థులు సాధారణంగా కనీసం మూడేళ్లుగా బ్రిటన్‌లో నివసిస్తూ ఉండాలి, ఆ నివాసం కేవలం చదువు కోసం అయి ఉండకూడదు. కాబట్టి స్టూడెంట్ వీసాపై వెళ్లిన మన పిల్లలకు ఈ దారి తెరుచుకోదు. ఇండియాలో బీఎస్సీ నర్సింగో జీఎన్ఎమ్మో పూర్తిచేసి రిజిస్టర్ అయినవారు మాత్రం మళ్లీ డిగ్రీ చదవనక్కరలేదు; వారికి నర్సులను నమోదు చేసే ఎన్ఎంసీ వారి కంప్యూటర్ పరీక్ష, ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష ఉంటాయి. అప్రెంటిస్‌షిప్‌కు ఇంగ్లీషు, గణితంలో లెవెల్ 2 (అక్కడి జీసీఎస్ఈ స్థాయి) అర్హతను కూడా అడుగుతారు. మన పదో తరగతి సర్టిఫికెట్టు చెల్లుతుందో లేదో దరఖాస్తుకు ముందే కనుక్కోవడం మంచిది.

ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. నేరుగా నర్సింగ్ డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లో చేరితే మూడు, నాలుగేళ్లు పడుతుంది. మొత్తం 4,600 గంటల శిక్షణలో సగం ఆచరణలో గడుస్తుంది. లేదా రెండేళ్ల నర్సింగ్ అసోసియేట్ శిక్షణ ముగించి, బ్యాండ్ 4 (ఎన్‌హెచ్ఎస్ జీతాల శ్రేణి) ఉద్యోగం చేస్తూ, ఆ గంటలను లెక్కలో వేసుకుని కుదించిన డిగ్రీలో చేరవచ్చు. చదువు మానేసి చాలాకాలమైన వారికి రెండోదే నయమని నా అభిప్రాయం. మధ్యలో ఆగవలసి వచ్చినా చేతిలో ఒక రిజిస్ట్రేషన్ మిగులుతుంది.

దరఖాస్తులోనూ ఇంటర్వ్యూలోనూ "సేవాభావం ఉంది" అనే మాటకు విలువ తక్కువ. చేసిన పని చెప్పాలి. ఉదాహరణకు, మాటలు రాని ఒక వ్యక్తి నాలుగు రోజులుగా అన్నం ముందు కూర్చోగానే చెంప మీద కొట్టుకుంటున్నాడనుకుందాం. దాన్ని "ప్రవర్తన సమస్య"గా రాసి వదిలేయడం తేలిక. ఏ పూట, ఏ పదార్థం తిన్నప్పుడు, ఏ వైపు కొట్టుకున్నాడో రాసిపెట్టి, పంటినొప్పి కావచ్చని డెంటిస్టు అపాయింట్‌మెంట్ అడిగిన సపోర్ట్ వర్కర్ అప్పటికే నర్సులా ఆలోచిస్తున్నట్టు. రోగ లక్షణాన్ని వైకల్యం ఖాతాలో వేయడం ఈ రంగంలో ప్రాణాల మీదికి తెచ్చే పొరపాటు. లెర్నింగ్ డిసెబిలిటీ ఉండి 14 ఏళ్లు నిండినవారికి ఏటా జరిగే ఆరోగ్య పరీక్ష గురించి, అనవసరమైన మానసిక మందులు తగ్గించేందుకు 2016లో మొదలైన స్టాంప్ (STOMP) కార్యక్రమం గురించి తెలుసుకుని వెళ్లండి. పేర్లు, గుర్తుపట్టే వివరాలు మాత్రం చెప్పకూడదు.

చేరాక పెద్ద చిక్కు పాత పాత్ర నుంచి బయటపడడం. సొంత వార్డులో మనుషులు తక్కువైన రోజున మిమ్మల్ని మళ్లీ సపోర్ట్ వర్కర్‌గా వాడుకోవాలని చూస్తారు. డిగ్రీ ప్లేస్‌మెంట్‌లో మీరు సిబ్బంది లెక్కలోకి రాకూడదు. ఆ గంటలను రోస్టర్‌లో విడిగా రాయించుకోండి, ఆచరణలో మీ పనిని అంచనా వేసే ప్రాక్టీస్ అసెసర్‌తో సంతకాలు ఎప్పటికప్పుడు పెట్టించుకోండి.

రిజిస్ట్రేషన్ వచ్చాక బ్యాండ్ 5తో మొదలవుతారు. కొంత అనుభవం తర్వాత కమ్యూనిటీ బృందాల్లోనూ, పెద్ద ఆసుపత్రుల్లో ఇలాంటి రోగుల తరఫున డాక్టర్లతో మాట్లాడే లయజాన్ నర్సు పోస్టుల్లోనూ బ్యాండ్ 6, ఆపై అవకాశాలు ఉంటాయి.