డాన్యూబ్ వెంట జంటగా సైకిళ్ల మీద: బయల్దేరే ముందే చూసుకోవాల్సినవి

యూరప్‌ను సైకిల్ మీద అడ్డంగా దాటాలనుకునే జంటల్లో చాలామంది చూపు యూరోవెలో 6 మీద పడుతుంది. ఫ్రాన్స్‌లో అట్లాంటిక్ తీరాన మొదలై, పది దేశాల మీదుగా రుమేనియాలో నల్ల సముద్రం చేరే దారి ఇది. ఎక్కువ భాగం నదుల ఒడ్డునే, అందులోనూ డాన్యూబ్ పక్కనే సాగుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు జర్మనీలోని పాసౌ నుంచి ఆస్ట్రియాలోని వియన్నా దాకా ఉన్న 300 కిలోమీటర్ల పైచిలుకు ముక్కతో మొదలుపెట్టడం మంచిది. కొండలు లేవు, గుర్తులు బాగుంటాయి. అసలు చిక్కు ఈ సులువుతోనే. దారి తేలిక, పైగా ఇద్దరం ఉన్నాం కదా అని జాగ్రత్త సడలిపోతుంది.

అందుకే సామాను సర్దేటప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: ఇద్దరూ విడిపోతే, ఎవరికి వాళ్లు ఒక రోజు గడపగలరా? బరువు తగ్గుతుందని పంపు ఒకరి దగ్గర, ట్యూబు ఇంకొకరి దగ్గర పెడతారు. పంక్చరయ్యేది వెనకున్నవాళ్లకి, పంపేమో అయిదు కిలోమీటర్ల ముందు పోతుంటుంది. టెంటు, స్టవ్వు, పెద్ద పనిముట్లు పంచుకోండి. పాస్‌పోర్టు, బ్యాంకు కార్డు, కొంత నగదు, అక్కడ పనిచేసే సిమ్ ఉన్న ఫోను, ట్యూబు, పంపు, రెయిన్ జాకెట్, తినడానికి ఏదో ఒకటి మాత్రం ఇద్దరి దగ్గరా విడివిడిగా ఉండాలి. రెండు పాస్‌పోర్టులూ ఒకే సంచిలో పెట్టుకోవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు.

ఆస్ట్రియాలో చాలా దూరం నదికి రెండు వైపులా సైకిల్ దారులున్నాయి. ఒకరు వంతెన దాటి, ఇంకొకరు దాటకపోతే ఎదురెదురు ఒడ్డుల మీద మిగిలిపోతారు. తర్వాతి వంతెన దూరం, పడవలు సాయంత్రానికి ఆగిపోతాయి. ష్లోగెన్ దగ్గర నది వెనక్కి మళ్లినట్టు మెలిక తిరుగుతుంది. అక్కడ ఉత్తరపు ఒడ్డున దారి మధ్యలో తెగిపోతుంది, పడవ ఎక్కాల్సిందే. కాబట్టి దారి చీలే ప్రతి చోటా, ప్రతి వంతెన దగ్గరా ముందున్నవాళ్లు ఆగాలి. తప్పిపోతే ఎక్కడ కలవాలో పొద్దున్నే అనుకోండి. ఊరి చర్చి లేదా రైల్వే స్టేషన్ అయితే ఎవరినడిగినా చూపిస్తారు. నెమ్మదిగా తొక్కేవాళ్లను ముందు ఉండనివ్వండి. రోజుకు 50, 60 కిలోమీటర్లు చాలు. ఇద్దరిలో బలమున్నవాళ్ల లెక్కన ప్లాన్ వేస్తే మూడో రోజుకే మాటలు తగ్గుతాయి.

మనం ఎడమ పక్కన నడిపి పెరిగినవాళ్లం, అక్కడ కుడి పక్కన నడపాలి. ట్రాఫిక్ మధ్యలో ఉన్నప్పుడు ఇది బాగానే గుర్తుంటుంది. పొద్దున్నే ఖాళీ రోడ్డెక్కేటప్పుడు, కాఫీ తాగి మళ్లీ సైకిలెక్కేటప్పుడే చెయ్యి అలవాటు కొద్దీ ఎడమకు పోతుంది. కాబట్టి రోడ్డెక్కే ప్రతిసారీ ఎవరో ఒకరు గట్టిగా "కుడి" అనాలి. రౌండబౌట్‌లో తిరగడం కూడా మనకు ఉల్టా. బోర్డు లేని చిన్న కూడలిలో మీ కుడి నుంచి వచ్చే బండికే ముందు దారి ఇవ్వాలి. లారీకి కుడి పక్కన ఎప్పుడూ నిలబడకండి, అది కుడికి తిరిగితే డ్రైవర్‌కు మీరు కనిపించరు. లింట్స్, వియన్నాల్లో ట్రామ్ పట్టాలను అడ్డంగా, తిన్నగా దాటండి. వాన పడితే దిగి నడిపించుకుపోవడమే మేలు.

స్లొవేకియాలో ఊరి బయట హెల్మెట్, హంగరీలో రాత్రి ఊరి బయట మెరిసే జాకెట్ తప్పనిసరి. మిగతా చోట్ల అడగకపోయినా రెండూ వేసుకోండి.

కాలం సంగతికొస్తే, జులై, ఆగస్టుల్లో హంగరీ మైదానంలో ఎండ మండిపోతుంది. మే, జూన్ లేదా సెప్టెంబర్ నయం. కానీ వరదలు కూడా ఆ నెలల్లోనే వచ్చాయి: 2013 జూన్‌లో పాసౌ దగ్గర నీటిమట్టం 12.89 మీటర్లకు చేరింది, 2024 సెప్టెంబర్‌లో దిగువ ఆస్ట్రియా రాష్ట్రంలో చాలా చోట్లు మునిగాయి. దారికి అడ్డంగా గేటు వేసి "హోఖ్‌వాసర్" (వరద) అని బోర్డు ఉంటే పక్కనుంచి దూరిపోవద్దు. "ఉమ్‌లైటుంగ్" (దారి మళ్లింపు) బాణాలు చూపిన చుట్టుదారిలో వెళ్లండి. నీళ్లు తీశాక కూడా బురద మీద చక్రం జారుతుంది.

గడ్డిలో కూర్చున్నా, టెంటు వేసినా సాయంత్రం ఒకరినొకరు పిడుదు పురుగుల కోసం చూసుకోండి: మోకాళ్ల వెనక, చంకలు, మెడ మీద జుట్టు మొదలు. కనిపిస్తే సన్న పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి తిన్నగా లాగాలి, నూనె పొయ్యకూడదు. తర్వాత ఎర్రటి మచ్చ వలయంలా పెరిగితే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. దక్షిణ జర్మనీ, ఆస్ట్రియాల్లో ఇవి మెదడువాపు కూడా తెస్తాయి. దానికి టీకా ఉంది, కానీ డోసుల మధ్య వారాల గడువుంటుంది కనుక ముందే మొదలుపెట్టాలి.

ఆదివారం జర్మనీ, ఆస్ట్రియాల్లో దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు. శనివారమే కొనుక్కోండి. సంచిలో అటుకులు, పులిహోర పొడి ఉంటే ఆ పూట గడుస్తుంది. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు మాత్రం ఇండియా నుంచి తీసుకెళ్లొద్దు, పాల పదార్థాలను, మాంసాన్ని బయటి దేశాల నుంచి రానివ్వరు.

వియన్నా దాటి సెర్బియా మీదుగా వెళ్లాలంటే వీసా లెక్క జాగ్రత్త. షెంజెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండాలి. సెర్బియా అందులో లేదు. సింగిల్ ఎంట్రీ వీసాతో అక్కడికి దాటితే మళ్లీ బల్గేరియాలోకో రుమేనియాలోకో రానివ్వరు, మల్టిపుల్ ఎంట్రీ అడగండి. సెర్బియా తన నియమాలు మారుస్తుంటుంది కనుక ఎంబసీలో కనుక్కోండి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. అందులో సైక్లింగ్ ప్రమాదాలు వర్తిస్తాయో లేదో పాలసీ చదివి చూసుకోండి.

సెర్బియాలో ఐరన్ గేట్స్ లోయ దారిలో సొరంగాలు వరసగా వస్తాయి, కొన్నిటిలో వెలుతురు ఉండదు. ముందే ఆగి లైట్లు వెలిగించి, వెనకనుంచి లారీ చప్పుడు వినిపిస్తే దాన్ని పోనిచ్చి, అప్పుడు ఒకరి వెనక ఒకరు వెళ్లండి. అక్కడా, రుమేనియాలోనూ వీధికుక్కలు వెంటపడితే పోటీగా తొక్కకుండా దిగి, సైకిల్‌ను అడ్డం పెట్టుకుని నడవండి. కరిస్తే గాయాన్ని సబ్బుతో చాలాసేపు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అంబులెన్స్‌కు సెర్బియాలో 194, ఈయూ (యూరోపియన్ యూనియన్) దేశాల్లో 112.