మంచులో ఒంటరిగా – 4వ పాఠం: నీళ్ళు

నీళ్ళ సంగతికి వెళ్ళేముందు, మంచులో కాటన్ వద్దు, ఊలు వేసుకోండి అని పోయిన పాఠంలో చెప్పి పెట్టిన తడిబట్టల పరీక్ష తేల్చాలి. అది సగం మందికి తిరగబడింది.

"కాటన్ బనీను, ఊలు స్వెట్టరు రెండూ తడిపి ఫ్యాను కింద ఆరేస్తే బనీనే ముందు ఆరింది. మరి కాటన్ వద్దంటారేం?" ఇదీ ఫిర్యాదు. పల్చటి బట్ట ముందు ఆరక ఏం చేస్తుంది! కానీ దండెం మీద ఆరడానికి కావలసిన వేడి గదిలో గాలి ఇస్తుంది. ఒంటి మీదైతే మీ ఒళ్ళే ఇచ్చుకోవాలి. మే నెలలో విజయవాడలో మంచినీళ్ళ కుండకి తడిగుడ్డ ఎందుకు చుడతాం? గుడ్డ ఆరుతూ కుండలో వేడి లాగేస్తుందని. మైనస్ 15 డిగ్రీల్లో చెమటకి తడిసిన కాటన్ బనీనుతో నిలబడ్డ మనిషి అచ్చం ఆ కుండే. పావు లీటరు చెమట ఒంటి మీద ఆరడానికి దాదాపు 145 కిలో కేలరీలు పోతాయి.

కాబట్టి పరీక్ష మార్చండి. రెండు స్టీలు గ్లాసుల్లో సమానంగా వేడినీళ్ళు పోయండి. ఒకదానికి కాటన్ మేజోడు, ఇంకోదానికి ఊలు మేజోడు, రెండూ తడిపి గట్టిగా పిండి తొడగండి. ఫ్యాను కింద 20 నిమిషాలు ఉంచి వేలు పెట్టి చూడండి. పిండినా ఊలు మళ్ళీ కాస్త ఉబ్బుతుంది, ఆ ఉబ్బులో గాలి నిలుస్తుంది. కాటన్ చప్పబడి గ్లాసుకి అతుక్కుపోతుంది.

రెండూ ఒకేలా చల్లారితే మీ ఊలుని అనుమానించండి. విజయవాడ బీసెంట్ రోడ్డులో అయినా గుంటూరు బ్రాడీపేటలో అయినా ఊలు పేరుతో దొరికేదాంట్లో చాలావరకు అక్రిలిక్కే, అంటే ప్లాస్టిక్ లాంటి కృత్రిమ నూలు. ఒక పోగు లాగి, స్టీలు పళ్ళెం మీద అగ్గిపుల్లతో అంటించండి. జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయితే ఊలు. కరిగి గట్టి పూసలా మిగిలితే అక్రిలిక్. అక్రిలిక్ కూడా కాటన్ కంటే నయమే, నిప్పు దగ్గర మాత్రం కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఎలాగూ చెమట పట్టకుండా చూసుకోవడమే అసలు పని. కొంచెం చలి వేస్తుండగానే నడక మొదలుపెట్టండి, ఆగిన వెంటనే జాకెట్ తొడగండి.

ఇక నీళ్ళు. రోజుకి 3 నుంచి 4 లీటర్లు కావాలి. దాహం వేయకపోయినా సరే, పొడిగాలిలో ఊపిరితోనే బోలెడు నీరు పోతుంది. మూత్రం ముదురు పసుపులోకి దిగితే తాగింది చాలలేదు.

చుట్టూ మంచే కదా, నోట్లో వేసుకుంటే పోలేదా అంటారు. మైనస్ 15లో ఉన్న కిలో మంచు కరిగి ఒంటి వేడికి రావాలంటే 125 కిలో కేలరీలు పడుతుంది. అంటే రెండు ఇడ్లీలు తిన్నది దానికే సరి. ఎత్తు ఎక్కుతూ ఒళ్ళు వేడెక్కి ఉన్నప్పుడు పిడికెడు నోట్లో వేసుకుంటే నష్టం లేదు. కూర్చున్నప్పుడు, వణుకుతున్నప్పుడు మాత్రం వద్దు.

కాబట్టి కరిగించుకోవాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే, ఎన్నిసార్లు చెప్పినా చేస్తూనే ఉంటారు: ఖాళీ గిన్నె నిండా మంచు కుక్కి, మంట పెద్దది పెట్టేస్తారు. అడుగున కరిగిన నాలుగు చుక్కల్నీ పైనున్న పొడి మంచు ఇసుకలా పీల్చేసుకుంటుంది. అడుగు ఖాళీ అయి గిన్నె వట్టిగా కాలుతుంది. పైన చూస్తే మంచు మంచులాగే ఉంటుంది కాబట్టి మంట ఇంకా పెంచుతారు. చివరికి నీళ్ళకి మాడు వాసన, పల్చటి అల్యూమినియం గిన్నె అయితే అడుగు వంకర పోతుంది, చిల్లు కూడా పడొచ్చు. ముందు అర గ్లాసు నీళ్ళు పోసి, సన్నమంట మీద అవి వెచ్చబడ్డాక పిడికెడు మంచు వేసి కలపండి. కరిగాక ఇంకో పిడికెడు. ఎప్పుడూ అదమొద్దు. అందుకే సీసాలో చివరి గ్లాసు తాగేయొద్దు. పెరుగుకి తోడు దాచుకున్నట్టు రేపటి మంచుకి అది తోడు.

కొత్తగా కురిసిన మెత్తటి మంచు పది లీటర్ల గిన్నెడు కరిగిస్తే లీటరు నీళ్ళు వస్తే గొప్ప. గట్టిపడిన పాత మంచు మేలు, గడ్డ దొరికితే ఇంకా మేలు. శుభ్రమైన చోట తీసుకున్నది కరిగిస్తే చాలు. మరగబెడితే గ్యాసు రెండింతలవుతుంది. దారి పక్కది, గుడారాల దగ్గరిది అయితే మరిగించాల్సిందే.

గ్యాసు డబ్బా కొనేటప్పుడు మీద రాసింది చదవండి. బ్యూటేన్ మైనస్ 0.5 దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా లాగుతుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా. వట్టి బ్యూటేన్ డబ్బా లడఖ్‌లోని లేహ్‌లో జనవరి రాత్రి ఇనప ముద్దతో సమానం. లైటర్‌లోదీ మామూలుగా బ్యూటేనే, లోపలి జేబులో పెట్టుకోండి. గుడారం మూసేసి పొయ్యి వెలిగించొద్దు. పొయ్యి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు.

సీసా వెడల్పు మూతిది తీసుకుని, మూత బిగించి తలకిందులుగా పెట్టండి. నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి మూత వైపు తెరుచుకుంటుంది. గొట్టంతో పీల్చుకునే సంచులు మన ఎండలకి బాగుంటాయి, అక్కడ గొట్టమే ముందు బిగుసుకుపోతుంది.

అభ్యాసం. కరిగించడం ఇంట్లో ప్రయత్నించినా పెద్దగా తెలియదు. మన ఊళ్ళో ఐసు కొట్టేలోపే తడిసిపోతుంది, తడి ఐసు మాడదు. దాని బదులు చేతుల్ని చూసుకోండి. బకెట్లో ఐసు నీళ్ళు పోసి రెండు చేతులూ ఒక్క నిమిషం ముంచి, తుడుచుకుని, వెంటనే అగ్గిపెట్టె తీసి పుల్ల గీయండి. ఒక పుల్ల వెలిగాక మళ్ళీ ముంచండి. ఇలా పదిసార్లు, చివరి మూడు లైటు ఆర్పేసి. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు చేయొద్దు. ఎన్ని పుల్లలు విరిగాయో రాసి ఉంచండి. ఐదో పాఠం నిప్పు, ఆ లెక్క అప్పుడు కావాలి.