ఘాట్ ఎత్తులో హైబ్రిడ్ కారు ఆపాల్సి వస్తే

డిసెంబరు ఆదివారం ఉదయం విజయనగరం నుంచి ఎస్.కోట మీదుగా అరకు బయల్దేరితే, బొడ్డవర దాటి ఘాట్ ఎక్కాక ఏదో ఒక మలుపులో బండ్లన్నీ నిలిచిపోవడం మామూలే. సాలూరు నుంచి సుంకి ఎక్కేటప్పుడు లోడు లారీల వెనకా ఇదే తంతు. గేరు కారుకు అలవాటుపడ్డ కాలు అక్కడ సగం క్లచ్ వెతుక్కుంటుంది. ఇంజినుతో పాటు ఎలక్ట్రిక్ మోటారూ ఉండే హైబ్రిడ్‌లో క్లచ్ పెడలు లేదు కనుక చాలామంది ఆ పని యాక్సిలరేటర్‌తో చేస్తారు. బండి వెనక్కి జారకుండా, ముందుకూ కదలకుండా ఉండేంత మాత్రం తొక్కి పట్టుకుంటారు. ముందుగా మానుకోవాల్సిన అలవాటు ఇదే.

కారణం మోటారులో ఉంది. హైరైడర్, గ్రాండ్ విటారా, హైక్రాస్, సిటీ ఈ-హెచ్‌ఈవీ లాంటి స్ట్రాంగ్ హైబ్రిడ్లలో బండిని నిలుపు నుంచి కదిపేది ప్రధానంగా ఎలక్ట్రిక్ మోటారే. మోటారు తిరుగుతున్నప్పుడు కరెంటు మూడు ఫేజుల్లో వంతులవారీగా పారుతుంది, వేడినీ అవి అలాగే పంచుకుంటాయి. మోటారు తిరగకుండా బలం మాత్రం పడుతుంటే భారమంతా ఒకటి రెండు ఫేజుల మీదే నిలిచిపోతుంది. బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చి ఇచ్చే ఇన్వర్టర్‌లో ఆ వైపు స్విచ్చులు గబగబా వేడెక్కుతాయి. కాసేపటికి కంప్యూటర్ వాటిని కాపాడుకోవడానికి బలం తగ్గించేస్తుంది. మీ కాలు ఉన్నచోటే ఉంటుంది, బండి మాత్రం వెనక్కి జారడం మొదలుపెడుతుంది. క్లచ్ కాలితే కనీసం వాసన వస్తుంది, ఇక్కడ ఆ హెచ్చరిక కూడా ఉండదు.

రెండో సంగతి, బ్రేకు వదలగానే బండి మెల్లగా ముందుకు పాకడం. మామూలు ఆటోమేటిక్‌లో అది ఇంజిన్ నుంచి వచ్చే బలం. హైబ్రిడ్‌లో అది సాఫ్ట్‌వేర్ మోటారుతో చేయించే అనుకరణ. బ్రేకు తొక్కినప్పుడు కరెంటు వృథా కాకుండా ఆ బలాన్ని తగ్గించేస్తారు, వదిలాక మళ్లీ ఇస్తారు. చదును రోడ్డు మీద ఈ తేడా తెలియదు. నిటారు మలుపులో, అయిదుగురూ సామానూ ఉన్నప్పుడు, ఆ పాకుడు బలం బండిని ఆపడానికి చాలదు. హిల్ స్టార్ట్ అసిస్ట్ ఉన్న కార్లలో బ్రేకు వదిలాక సుమారు 2 సెకన్లు బండి పట్టి ఉంటుంది. ఆ 2 సెకన్లు కాలు మార్చుకోవడానికే, ఆలోచించుకోవడానికి కాదు.

ఎత్తులో ఆగాక ఇలా చేయండి. డి (డ్రైవ్) లోనే ఉంచి బ్రేకు గట్టిగా తొక్కండి. బ్రేక్ హోల్డ్ బటన్ ఉంటే ఘాట్ మొదట్లోనే నొక్కి ఉంచుకోండి. సీటు బెల్టు పెట్టుకుని, తలుపు సరిగా వేసి ఉంటేనే అది పనిచేస్తుంది. మీటర్‌లో హోల్డ్ అని వెలిగిందో లేదో చూశాకే కాలు తీయండి. బాగా నిటారు చోట హోల్డ్ వెలిగినా కాలు బ్రేకు దగ్గరే ఉండాలి. ముందు బండి ఒక నిమిషంలో కదిలేలా లేకపోతే పార్కింగ్ బ్రేకు వేసేయండి. కదిలేటప్పుడు ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకైతే బెల్టు పెట్టుకుని యాక్సిలరేటర్ తొక్కితే చాలా కార్లలో దానంతటదే వదులుతుంది. లీవరుదైతే, బటన్ నొక్కి లీవరు చేతిలో పట్టుకుని యాక్సిలరేటర్ కొంచెం కొంచెంగా ఇవ్వండి. బండి ముందుకు లాగుతున్నట్టు సీటులో తెలుస్తుంది, అప్పుడు లీవరు దించండి. ఎడమ కాలు బ్రేకు మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద పెట్టే ప్రయోగం వద్దు. రెండూ కలిపి తొక్కితే కారు బలాన్ని కోసేస్తుంది.

ఆగి ఉండగా ఇంజిన్ ఆగిపోతే కంగారుపడి స్విచ్ ఆఫ్ చేయకండి. రెడీ లైటు వెలుగుతున్నంతసేపూ బండి ఆన్‌లో ఉన్నట్టే. బ్రేకుకు కావాల్సిన ఒత్తిడి ఈ కార్లలో ఇంజిన్ మీద ఆధారపడదు కాబట్టి పెడలు బిగుసుకోదు. ఛార్జి తగ్గితే ఇంజిన్ మళ్లీ దానంతటదే మొదలవుతుంది. అసలు ప్రమాదం ఈ నిశ్శబ్దంలోనే ఉంది. డాముకు వ్యూ పాయింట్ దగ్గర ఫొటో కోసం ఆపి, ఇంజిన్ చప్పుడు లేదు కదా అని డి లో ఉండగానే తలుపు తీసి దిగేవాళ్లుంటారు.

జామ్‌లో ఎన్ (న్యూట్రల్)‌లో పెట్టి కూర్చోవడం ఇంకో పొరపాటు. టొయోటా పద్ధతి హైబ్రిడ్లలో (హైరైడర్, గ్రాండ్ విటారా, హైక్రాస్) ఎన్‌లో ఉంటే ఇంజిన్ తిరుగుతున్నా బ్యాటరీకి ఛార్జి ఎక్కదు. హైరైడర్, గ్రాండ్ విటారాల బ్యాటరీ 0.76 కిలోవాట్ అవర్లే, అందులోనూ మొత్తం వాడుకోనివ్వరు. ఎండలో ఏసీ కిలోవాట్ దాకా లాగితే అరగంట కూడా రాదు. ఎక్కువసేపు ఆగాలంటే పి (పార్క్) లోనే పెట్టండి.

పి లో పెట్టడానికీ ఒక వరస ఉంది. కాలు బ్రేకు మీద ఉండగా ఎన్, తర్వాత పార్కింగ్ బ్రేకు, కాలు కొంచెం వదిలి బండి బరువు పార్కింగ్ బ్రేకు మీద కూర్చోనివ్వడం, మళ్లీ బ్రేకు తొక్కి పి. నేరుగా పి లో పడేస్తే బండి బరువంతా గేరుబాక్సులోని చిన్న పళ్ల కొక్కెం మీద పడుతుంది. తర్వాత పి నుంచి తీసేటప్పుడు టక్కుమని కొట్టుకునేది అదే. బండి జారితే లోయ వైపు కాకుండా కొండ వైపు ఆగేలా ముందు చక్రాలు తిప్పి ఉంచండి.

ఎత్తు రివర్స్‌లో ఎక్కడం మాత్రం హైబ్రిడ్‌కు బలహీనతే. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద ఇది బయటపడుతుంది. టొయోటా పద్ధతిలో రివర్స్ గేరంటూ లేదు, మోటారే వెనక్కి తిరుగుతుంది. ఛార్జి తక్కువై ఇంజిన్ కూడా నడిస్తే, దాని బలంలో కొంత చక్రాలను ముందుకే తోస్తుంది. ఆ తోపును కూడా మోటారే ఎదుర్కోవాలి. అందుకే సెల్లార్‌లోకి వెనక్కి దిగి, ముందుకు ఎక్కి రావడం మేలు. తప్పనిసరిగా రివర్స్‌లో ఎక్కాలంటే మధ్యలో ఆగకుండా ఒక్క ఊపులో ఎక్కించండి.

హైబ్రిడ్ సిస్టమ్ వేడెక్కిందన్న సందేశం వస్తే దగ్గర్లో చదును చోటు చూసి ఆపి, పి లో పెట్టి ఏసీ ఆపండి. చల్లారాక ఇన్వర్టర్ కూలెంట్ డబ్బాలో మట్టం గీతల మధ్య ఉందో లేదో చూడండి. ఇది ఇంజిన్ కూలెంట్ డబ్బా కాదు, వేరే ఉంటుంది. వేడి మీద మూత తిప్పొద్దు. కారు లోపల బ్యాటరీకి గాలి వెళ్లే జాలీకి సంచులు, దుప్పట్లు అడ్డుపడ్డాయేమో కూడా చూడండి. ఘాట్ ప్రయాణాల్లో అది తరచూ జరుగుతుంది.

మోటారు ఇంజినుకు సాయం మాత్రమే చేసే ఎర్టిగా లాంటి మైల్డ్ హైబ్రిడ్లకు ఈ మోటారు సంగతులు వర్తించవు. వాటిలో గేరు కార్లకు క్లచ్, హ్యాండ్ బ్రేకుల పాత పద్ధతే.

సాలూరు ఘాట్‌లో లారీ వెనక ఆగితే ఒక బండి పొడవైనా ఖాళీ వదలండి. లారీ కదిలాక వెంటనే దాని జాడలో పోవద్దు. క్లీనర్ టైరు కింద పెట్టిన రాయి అక్కడే ఉండిపోయి ఉంటుంది.