పాత డీజిల్ పికప్ కొనే ముందు జాగ్రత్తలు

• బండి చూడటానికి పొద్దున్నే వెళ్ళండి. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందా? మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట; చల్లని ఇంజిన్ స్టార్టింగ్‌లో బయటపడే లోపాలు ఇక కనిపించవు. మరో రోజు వెళ్ళడమే మేలు.

• పొగ నీలంగా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ మండుతోంది. నల్లపొగ ఆగకపోతే ఎయిర్ ఫిల్టరు, ఇంజెక్టర్లు చూపించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత మెల్లగా తీయండి. గుప్పుగుప్పున పొగ తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు. నేనైతే అక్కడితో బేరం ఆపేస్తాను.

• ఛాసిస్ కింద టార్చి వేయండి. అంతటా మట్టి ఉండి ఒక్కచోటే కొత్త నల్లరంగు మెరుస్తుంటే, గోకి చూడండి: వెల్డింగ్ బయటపడవచ్చు.

• టైర్లా? అరిగి ఉంటే బేరానికి పనికొస్తాయి, అంతే.

• ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్‌సీతో సరిచూడండి. 8 ఏళ్ళు దాటిన సరకు బండికి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పదు. బండి మీద ఫైనాన్స్ ఉంటే, ఫారం 35 (అప్పు తీరిందని ఫైనాన్స్ సంస్థ సంతకం చేసే పత్రం) చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.